కణతల్లో ఫిల్లర్ వేయించుకున్నాక తగ్గని తలనొప్పి: ఎంతకాలం ఆగవచ్చు?

వెన్నెలపిట్ట | మొదటి రోజు, రాత్రి 9:40

నా వయసు 41 సంవత్సరాలు. రెండు కణతలూ బాగా లోపలికి పోయినట్లు కనిపిస్తున్నాయని తొమ్మిది రోజుల క్రితం ఒక్కో వైపు ఒక మిల్లీలీటరు చొప్పున హైలురానిక్ ఆమ్లం ఫిల్లర్ (గుంటను నింపడానికి సూదితో ఎక్కించే జెల్) వేయించుకున్నాను. సూదిని ఎముక దాకా దించి వేశారు. ఆ సాయంత్రం తలకు గుడ్డ బిగించి కట్టినట్లు బరువుగా ఉంది. రెండో రోజు నుంచి కుడి కణతలో నొప్పి మొదలైంది. నోరు పెద్దగా తెరిచినా, గట్టి పదార్థం ఏదైనా నమిలినా అది దవడ కీలు దాకా పాకుతోంది. చర్మం రంగు మారలేదు, చూపులో తేడా లేదు, జ్వరం రాలేదు. క్లినిక్‌కు ఫోన్ చేస్తే "ఇది మామూలే, ఒక మాత్ర వేసుకోండి" అన్నారు. ఆ మాత్ర ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. నాకు ఇరవై ఏళ్లుగా మైగ్రేన్ ఉంది, కానీ ఈ నొప్పి దానిలా అనిపించడం లేదు. "మామూలే" అన్న మాటకు గడువు ఎన్ని రోజులో అనుభవం ఉన్నవారు, వైద్యం తెలిసినవారు చెప్పగలరా?

నడిరేయి | మొదటి రోజు, రాత్రి 10:15

చెంపల్లో వేయించుకున్నప్పుడు నాకు నాలుగు రోజులు తలనొప్పి ఉండి, ఐదో రోజు లేవగానే మాయమైంది. తొమ్మిది రోజులన్నది నాకు కొంచెం ఎక్కువగానే తోస్తోంది. అయితే మీరు వేయించుకున్న చోటు వేరు కాబట్టి నా లెక్కను మీకు అంటగట్టను.

చర్మవైద్యం | మొదటి రోజు, రాత్రి 11:30

నేను చర్మవ్యాధుల వైద్యుడిని. మిమ్మల్ని స్వయంగా పరీక్షించలేదు కాబట్టి రోగ నిర్ధారణ చేయను. ఏది ఎందుకు జరుగుతుందో మాత్రం చెబుతాను.

కణత చూడటానికి చదునుగా ఉన్నా దాని కింద పొరలు చాలా ఉన్నాయి. చర్మం, దాని కింద కొవ్వు, ఆ తర్వాత కణత ధమని సాగే పలుచని పొర, దాని కింద దళసరి పొర, అన్నిటికంటే లోపల విసనకర్రలా పరుచుకుని కింది దవడకు అతుక్కునే కణత కండరం, చివరికి ఎముక. మీకు ఎముక మీద వేశారంటే ఆ జిగురు పదార్థం కండరం అడుగున కూర్చుంది. నమిలినప్పుడల్లా ఆ కండరం బిగుసుకుని, కొత్తగా వచ్చిన ఆ ముద్ద మీద నొక్కుకుంటుంది. పైగా హైలురానిక్ ఆమ్లానికి నీటిని పీల్చుకునే గుణం ఉండటం వల్ల మొదటి కొద్ది రోజుల్లో వాపు పెరిగి ఆ తర్వాత సర్దుకుంటుంది. కణతల్లో లోతుగా వేసినప్పుడు నమిలేటప్పుడు నొప్పి, కణతలో సలుపు కొన్ని రోజులు, కొందరిలో రెండు వారాల వరకు ఉండటం మేము తరచుగా చూసేదే.

అందుకే "ఎన్ని రోజులు" అన్నదానికంటే "ఏ దిశలో పోతోంది" అన్న ప్రశ్న నాకు ముఖ్యం. మూడో రోజు నొప్పికి పది మార్కులు వేస్తే ఈ రోజు ఎన్ని వేస్తారు? తగ్గుముఖం పట్టి ఉంటే ఓపిక పట్టవచ్చు. అలాగే నిలిచిపోయినా, పెరుగుతున్నా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా ఫోన్‌లో చెప్పే సమాధానం చాలదు, వేసిన వైద్యులు మిమ్మల్ని కూర్చోబెట్టి చేత్తో తడిమి చూడాలి.

కొన్ని ప్రమాద సంకేతాలు చెబుతాను. ఇవి మీకు లేవని రాశారు, అయినా ఈ చర్చను రేపు ఇంకొకరు చదువుతారు. సూది వేస్తుండగానో, వేసిన కొద్ది నిమిషాల్లోనో, గంటల్లోనో భరించలేని నొప్పి రావడం, చర్మం సున్నంలా పాలిపోవడం, ఆ తర్వాత వల పరిచినట్లు ఊదా గీతలు తేలడం రక్తనాళం మూసుకుపోయిందనడానికి గుర్తులు. వాటికి తోడు కంటిలో నొప్పి, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం, రెప్ప వాలిపోవడం, వాంతి, మాట తడబడటం, ఒక పక్క కాలూ చేయీ పట్టు తప్పడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

సందేహి | రెండో రోజు, ఉదయం 7:05

వైద్యులు గారి వివరణ చక్కగా ఉంది, కానీ ఒక అభ్యంతరం చెప్పాలి. తలనొప్పి రాని మనిషి అరుదు. ఇరవై ఏళ్లుగా మైగ్రేన్ ఉన్నవారికి తొమ్మిది రోజుల్లో తల నొప్పి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఫిల్లర్ తర్వాత వచ్చింది కాబట్టి ఫిల్లర్ వల్లనే వచ్చిందనడం కాకి వాలిందని తాటిపండు పడిందనడమే. 2018లో వెలువడిన తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ మూడో కూర్పులో కూడా, ఒక తలనొప్పికి ఫలానాది కారణమని రాయాలంటే, రెండూ దగ్గర దగ్గరగా మొదలై ఉండాలని, కారణం తగ్గేకొద్దీ నొప్పీ తగ్గాలని, లేదా ఆ కారణానికే తగిన లక్షణాలు కనిపించాలని నియమాలు పెట్టారు. పైగా ఆ రోజు జరిగిన మిగతావాటి మాటేమిటి? సూది భయంతో పళ్లు బిగబట్టడం, తిండి ఆలస్యం కావడం, ముఖం మీద పెద్ద లైటు, ముందు రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ మైగ్రేన్‌ను పిలిచేవే.

నీలికలువ | రెండో రోజు, ఉదయం 8:50

సందేహి గారూ, మీ తర్కంలో తప్పు లేదు. కానీ ఇదే తర్కాన్ని నా ముందు పెట్టి నన్ను నాలుగు నెలలు తిప్పారు కాబట్టి నా సంగతి రాస్తున్నాను.

కంటి కింద గుంటలకని, చెంప పైభాగంలో ఫిల్లర్ వేయించుకున్నాను. వేస్తున్నప్పుడే ఎడమ వైపు పై పెదవి దాకా కరెంటు షాక్ కొట్టినట్లయింది. ఆ మాట అక్కడే చెప్పాను, "అలా అవుతుంది" అన్నారు. తర్వాత ముక్కు పక్కన, పై పెదవిలో, ముందు పళ్లలో తిమ్మిరి, ఆ తిమ్మిరి మీదే మంట, సాయంత్రానికి కన్ను వెనక నుంచి నుదుటికి ఎక్కే తలనొప్పి వచ్చేవి. ఒకరు సైనస్ అన్నారు, ఒకరు పన్ను అన్నారు, ఇంకొకరు ఆందోళన అన్నారు. చివరికి ఒక నరాల వైద్యురాలు నా ముఖం మీద వేలితో గీత గీసినట్లు తిమ్మిరి హద్దులను గుర్తించి, కంటి గుంట అంచుకు కాస్త దిగువన ఎముకలోని రంధ్రం నుంచి బయటికి వచ్చే నరం పరిధితో అది అచ్చంగా సరిపోతోందని చెప్పారు. అల్ట్రాసౌండ్‌లో ఆ రంధ్రం పక్కనే ఫిల్లర్ ముద్ద కనిపించింది. దానిని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక మంట రెండు వారాల్లో సగానికి తగ్గింది. తిమ్మిరి పూర్తిగా పోవడానికి మాత్రం ఇంకో మూడు నెలలు పట్టింది.

తలనొప్పి ఎవరికైనా వస్తుంది, నిజమే. ఒక నరం పరిధిని కొలిచినట్లు వచ్చే తిమ్మిరి మాత్రం ఎవరికి పడితే వారికి రాదు.

సందేహి | రెండో రోజు, ఉదయం 9:20

ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిన నియమాల్లోని "ఆ కారణానికే తగిన లక్షణాలు" అన్నది సరిగ్గా మీ విషయమే.

చర్మవైద్యం | రెండో రోజు, మధ్యాహ్నం 1:10

నీలికలువ గారి అనుభవానికి చిన్న చేర్పు. ముఖం మీది స్పర్శ దాదాపు అంతా త్రిశాఖ నాడి ద్వారానే మెదడుకు చేరుతుంది. పేరుకు తగ్గట్లే దానికి మూడు శాఖలు: నుదురు, కన్ను ఒకటి, చెంప, పై పెదవి ఒకటి, దవడ ఒకటి. మెదడును కప్పి ఉంచే పొరల నొప్పిని మోసేది కూడా ప్రధానంగా ఈ నాడే, మైగ్రేన్ నొప్పి నడిచేదీ ఈ దారినే. కాబట్టి చెంపలో రేగిన నొప్పి తలకెక్కడం, కణతలో మొదలైన సలుపు పాత మైగ్రేన్‌ను తట్టి లేపడం శరీర నిర్మాణం ప్రకారం సహజమే. కణత దగ్గర లోతైన పొరను చీల్చుకుని పైకి వచ్చే ఒక చిన్న నరం శాఖను మైగ్రేన్‌కు చేసే శస్త్రచికిత్సల్లో నొప్పి పుట్టే స్థానాల్లో ఒకటిగా లెక్కిస్తారు. వెన్నెలపిట్ట గారి విషయంలో "ఫిల్లరా, మైగ్రేనా" అన్న ప్రశ్నకు రెండూ కలిసి అన్న జవాబు కూడా ఉండవచ్చు.

పున్నాగ | రెండో రోజు, మధ్యాహ్నం 2:45

నాకు కూడా నుదుటి మీద ముడతలకు ఫిల్లర్ వేసిన మర్నాడు రెండు రోజులు తలనొప్పి వచ్చింది. ఐదు చోట్ల చిన్న చిన్న సూదులు వేశారు. అది నాలుగు నెలలకే పోయింది కూడా.

ఔషధశాల | రెండో రోజు, మధ్యాహ్నం 3:30

పున్నాగ గారూ, ఐదు చోట్ల చిన్న సూదులు, నాలుగు నెలలకు పోవడం అన్న వివరాలను బట్టి మీకు వేసింది ఫిల్లర్ కాకపోవచ్చు, బొటాక్స్ కావచ్చు. రెండింటినీ చాలామంది ఒక్కటే అనుకుంటారు. ఫిల్లర్ ఖాళీ ఉన్న చోటును నింపుతుంది, బొటాక్స్ కండరానికి చేరే నాడీ సంకేతాన్ని ఆపుతుంది. బొటాక్స్‌కు తలనొప్పి పాత పరిచయమే. 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కనుబొమల మధ్య గీతలకు దానిని అనుమతించినప్పుడు, పరీక్షల్లో నమోదైన దుష్ప్రభావాల్లో తలనొప్పి ఒకటి. అయితే ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ అది తక్కువేమీ కాదు. అదే మందును 2010లో దీర్ఘకాలిక మైగ్రేన్‌కు చికిత్సగా అనుమతించారు. తల, మెడ చుట్టూ 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకోసారి ఇస్తారు. తలనొప్పి తెచ్చిందని ఒకరు తిట్టే మందు కోసమే ఇంకొకరు తలనొప్పి భరించలేక వరుసలో నిలబడతారు!

ఇక వెన్నెలపిట్ట గారికి ఒక ప్రశ్న. ఈ తొమ్మిది రోజులు కాకుండా, అంతకుముందు మైగ్రేన్ కోసం నెలకు ఎన్ని రోజులు మాత్రలు వేసుకునేవారు? తలనొప్పి ఉన్నవారు మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కు ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్‌లనో రెండు మూడు మందులు కలిసిన మాత్రలనో 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి. తొమ్మిది రోజుల వాడకంతో అలా కాదు. కానీ ముందే ఆ గీత దగ్గర ఉన్నవారిని ఈ తొమ్మిది రోజులు దాటించగలవు.

ఒక మాట మత్తు క్రీముల గురించి. సూది ముందు రాసే క్రీములో ప్రిలోకెయిన్ అనే మత్తుమందు ఉండి, దానిని ఎక్కువ మేర, ఎక్కువసేపు రాసి కప్పి ఉంచితే, అరుదుగా రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, తలనొప్పితో పాటు పెదవులు నీలం తిరుగుతాయి. అది ఆ రోజే బయటపడే విషయం, తొమ్మిదో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు.

వెన్నెలపిట్ట | రెండో రోజు, రాత్రి 8:20

అందరికీ ధన్యవాదాలు. మూడో రోజు నొప్పికి పది వేస్తే ఈ రోజు ఏడు వేస్తాను. అయితే మాత్ర వేసుకున్నాక వేసిన ఏడు అది. ఔషధశాల గారి ప్రశ్నకు జవాబు రాయడానికి సిగ్గుగా ఉంది, నెలకు ఎనిమిది తొమ్మిది రోజులు కలయిక మాత్రలే వేసుకుంటాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పెద్దకోడలు | మూడో రోజు, ఉదయం 6:30

కణతలో నొప్పి, నమిలితే దవడ నొప్పి అన్న మాటలు చూసి రాయకుండా ఉండలేకపోయాను. వెన్నెలపిట్ట గారి వయసుకు ఇది వర్తించకపోవచ్చు.

మా అత్తగారికి 67 ఏళ్లు. ఆవిడ కణతల్లో, చెంపల్లో ఫిల్లర్ వేయించుకున్న రెండు నెలలకు ఎడమ కణతలో కొత్తగా నొప్పి మొదలైంది. దువ్వెన తగిలినా భరించలేకపోయేవారు. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ లాగేసి ఆపేసేవారు, కాసేపటికి సర్దుకునేది. ఇంట్లో అందరం "ఈ వయసులో ఆ సోకు ఎందుకు" అని ఆవిడనే అన్నాం. ఫిల్లర్ వేసిన చోటే నొప్పి కదా, ఇంకేం ఆలోచిస్తాం? మూడు వారాల తర్వాత ఒక ఉదయం ఎడమ కంటి ముందు తెర దించినట్లయి రెండు నిమిషాల్లో తొలగిపోయింది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం. రక్తపరీక్షలో ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ బాగా ఎక్కువగా ఉన్నాయి. ఫిల్లర్‌కు సంబంధమే లేదు, అది కణత ధమని వాపు జబ్బు. ముక్క తీసి పరీక్ష చేసేదాకా ఆగకుండా, ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. చూపు నిలిచింది. ఆవిడకు మేము చెప్పిన క్షమాపణ మాత్రం ఇంకా సరిపోలేదు.

చర్మవైద్యం | మూడో రోజు, ఉదయం 10:00

చాలా అవసరమైన విషయం రాశారు. 50 ఏళ్లు దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నెత్తి ముట్టుకుంటే నొప్పి, నమిలేకొద్దీ పెరిగి ఆపితే తగ్గే దవడ నొప్పి, క్షణకాలం చూపు పోవడం, వీటితో పాటు భుజాలు పట్టేయడం, బరువు తగ్గడం వంటివి ఉంటే, ఫిల్లర్ వేయించుకున్నారా లేదా అన్నది పక్కన పెట్టి, ముందు ఈ జబ్బును తోసిపుచ్చాలి. చికిత్స ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రావడం అరుదు. వెన్నెలపిట్ట గారి వయసులో ఇది దాదాపు ఉండదు. నోరు తెరవగానే వచ్చే నొప్పి కండరం నొప్పిని, నమిలేకొద్దీ పెరిగే నొప్పి రక్తం చాలకపోవడాన్ని సూచిస్తాయి. తేడా చిన్నదే అయినా వైద్యులు అడగవలసిన మొదటి ప్రశ్నల్లో అది ఒకటి.

నడిరేయి | మూడో రోజు, మధ్యాహ్నం 12:20

ఇవన్నీ చదువుతుంటే గుండె దడదడలాడుతోంది. చూపు పోవడం అన్నది అసలు ఎంతమందికి జరిగింది? మళ్లీ వేయించుకుందామనుకుంటున్నాను.

చర్మవైద్యం | మూడో రోజు, మధ్యాహ్నం 3:40

చాలా అరుదు, కానీ జరిగితే చాలా పెద్ద నష్టం. 2015లో ప్రపంచ వైద్య పత్రికలన్నీ గాలించి చేసిన ఒక సమీక్షలో అప్పటిదాకా 98 కేసులు దొరికాయి. వాటిలో సుమారు 39 శాతం కనుబొమల మధ్య, 25 శాతం ముక్కు మీద వేసినవి. దాదాపు సగం కేసుల్లో ఎక్కించింది సిరంజిలో వచ్చే ఫిల్లర్ కాదు, మనిషి సొంత కొవ్వు. 2019లో అదే పరిశోధకులు మరో 48 కేసులు చేర్చారు. ప్రచురణకు రానివి ఎన్నో ఉంటాయి కాబట్టి ఈ అంకెలను మొత్తం లెక్కగా తీసుకోకండి.

కారణం రక్తనాళాల కూడలి. కనుబొమల మధ్య, ముక్కు మీద సాగే చిన్న ధమనులు కంటి ధమనితో కలుస్తాయి. సూది మొన పొరపాటున ధమనిలో ఉండగా గట్టిగా ఒత్తితే, పదార్థం ప్రవాహానికి ఎదురెక్కి కంటి ధమని దాకా పోయి, ఒత్తిడి వదలగానే రక్తంతో పాటు ముందుకు వెళ్లి కంటి లోపలి తెర అయిన రెటీనాకు రక్తం ఇచ్చే నాళాన్ని మూసేస్తుంది. ఇంకా వెనక్కు పోతే మెదడుకే చేరవచ్చు. రెటీనాకు దొరికే వ్యవధి చాలా తక్కువ, గంటన్నర కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కంటిలో, తలలో వచ్చే నొప్పి క్షణాల్లో వస్తుంది, మర్నాటికి వాయిదా పడదు. నడిరేయి గారూ, మీ నాలుగు రోజుల తలనొప్పికీ దీనికీ పోలికే లేదు.

మొన మొద్దుగా ఉండే సన్నని గొట్టంతో, అంటే క్యాన్యులాతో, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వేస్తే నాళంలోకి పోయే అవకాశం తగ్గుతుంది. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో నాళం మూసుకుపోవడం మామూలు సూదితో సుమారు 6,410 సిరంజిలకు ఒకసారి, క్యాన్యులాతో 40,882 సిరంజిలకు ఒకసారి కనిపించింది. తగ్గుతుందన్నాను, పోతుందనలేదు.

వెన్నెలపిట్ట | మూడో రోజు, రాత్రి 9:00

నీలికలువ గారిలా నేను కూడా కరిగించేయమని అడగవచ్చా? రోజూ అద్దంలో కణత చూసుకుంటూ నొప్పి లెక్కపెట్టుకోవడం విసుగొస్తోంది.

చర్మవైద్యం | మూడో రోజు, రాత్రి 10:30

అడగవచ్చు, తొందర మాత్రం పడవద్దు. హైలురోనిడేజ్ అనే ఆ ఎంజైము హైలురానిక్ ఆమ్లం ఫిల్లర్‌ను మాత్రమే కరిగిస్తుంది. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, పాలీ లాక్టిక్ ఆమ్లం, పీఎంఎంఏ వంటి వేరే రకాల ఫిల్లర్లను అది కరిగించలేదు. అందుకే మీకు వేసిన పదార్థం పేరు, బ్యాచ్ సంఖ్య ఉన్న స్టిక్కర్‌ను క్లినిక్ నుంచి అడిగి తీసుకోండి, "హైలురానిక్" అన్న నోటిమాటతో సరిపెట్టుకోకండి. తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. నాళం మూసుకుపోతే పరీక్షలకు ఆగకుండా ఎక్కువ మోతాదులో వెంటనే ఇస్తాం. కేవలం తగ్గుతున్న నొప్పికైతే రెండు మూడు వారాలు చూసి, నరం మీద ఒత్తిడి గుర్తులుంటే అప్పుడు ఆలోచిస్తాం. నొప్పి మైగ్రేన్‌ది అయితే ఫిల్లర్ పోతుంది, నొప్పి మిగులుతుంది, దానితో పాటు కొత్త సూది పోట్లు కూడా!

వెన్నెలపిట్ట | పన్నెండో రోజు, సాయంత్రం 6:15

ఈ చర్చ మొదలుపెట్టి పన్నెండు రోజులైంది, ఫిల్లర్ వేయించుకుని మూడు వారాలు. చర్చ నాలుగో రోజు క్లినిక్‌కు స్వయంగా వెళ్లాను. పళ్లు బిగించమని, వదలమని చెబుతూ వైద్యురాలు కణతలను రెండు చేతులతో తడిమి చూశారు. కుడి కండరం ముట్టుకుంటే నొప్పిగా ఉంది, ఎక్కడా గడ్డ లేదు, స్పర్శలో తేడా లేదు. స్టిక్కర్ అడిగితే మొదట ఆశ్చర్యపోయినా ఫైలు వెతికి ఫోటో తీసి ఇచ్చారు, హైలురానిక్ ఆమ్లమే. పది రోజులు మెత్తని ఆహారం తినమని, ఆవులించేటప్పుడు గడ్డం కింద చెయ్యి అడ్డం పెట్టుకోమని చెప్పారు. నరాల వైద్యుల దగ్గర మైగ్రేన్ మాత్రల లెక్క విప్పాను. ఆయన కలయిక మాత్రలు ఆపించి, మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందు మొదలుపెట్టారు.

ఆపిన మొదటి నాలుగు రోజులు నరకం. ఆ తర్వాత నమిలేటప్పుడు నొప్పి పూర్తిగా పోయింది. తలనొప్పి అప్పటి నుంచి ఒక్కసారి వచ్చింది, అది మాత్రం నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన పాత మైగ్రేనే.

సందేహి | పన్నెండో రోజు, రాత్రి 7:00

సంతోషం. అయితే ఫిల్లర్ వల్లనా, మాత్రల వల్లనా అన్నది ఇప్పుడు తేల్చలేం కదా. రెండింటినీ ఒకే వారంలో సరిచేశారు.

వెన్నెలపిట్ట | పన్నెండో రోజు, రాత్రి 7:10

తేల్చలేం. నమిలితే వచ్చిన నొప్పి ఫిల్లర్‌దేనని నా నమ్మకం, మిగతాది మీకే వదిలేస్తున్నాను.

పెద్దకోడలు | పన్నెండో రోజు, రాత్రి 8:45

ఆవులింతకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అన్నది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ మళ్లీ ఫిల్లర్ వేయించుకుంటానంటున్నారు. ఈసారి మేమెవరం ఏమీ అనలేదు, ఆవిడ వేసుకునే మందుల జాబితా మాత్రం వెళ్లేముందే రాసి చేతికిచ్చాను.